బొమ్మ పడాలంటే కీ రావాలి

తెలుగు సినిమా వ్యాపారంలో మూడు ముక్కలుంటాయి: నైజాం, ఆంధ్రా, సీడెడ్. కొత్త సినిమా వచ్చిన ప్రతిసారీ వసూళ్ళ లెక్కల్లో ఈ మాటలు వింటూనే ఉంటాం. మా అనంతపురం సీడెడ్ కిందికి వస్తుంది. 1800లో నిజాం, ఇంగ్లీషు సైన్యాన్ని పోషించే ఖర్చు కింద బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. కంపెనీ వాటికి పెట్టిన పేరు సీడెడ్ డిస్ట్రిక్ట్స్, తెలుగులో దత్తమండలాలు. ఒకరు ఇంకొకరికి ఇచ్చేసిన నేల అనే ఆ పేరు ఇక్కడివాళ్ళకు రుచించలేదు. 1928 నవంబరులో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావుగారు 'రాయలసీమ' అనే పేరు ప్రతిపాదించారు. అదే నిలిచింది. అనంతపురంలో 1916లో పెట్టిన సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ కూడా తర్వాత ఆర్ట్స్ కాలేజీ అయింది. సినిమా వ్యాపారం మాత్రం ఆ పాత పేరును వదల్లేదు.

లినక్స్ కంప్యూటర్ మీద ఓటీటీ సినిమాలు ఎందుకు సరిగా రావు అన్న విషయానికి ఇంత వెనక నుంచి రావడానికి కారణముంది. నేను చాలా ఏళ్ళుగా లినక్సే వాడుతున్నాను. మొదట్లో అది ఆదర్శం కాదు, అవసరం. మా ఊరివైపు చాలామంది మొదటి కంప్యూటర్ బెంగళూరు ఎస్.పి. రోడ్డు నుంచి తెచ్చుకున్న సెకండ్ హ్యాండ్ మిషనే. దానికి విండోస్ లైసెన్సు కొనాలంటే ఒక్కోసారి మిషన్ ధరకు దగ్గరగా అయ్యేది. లినక్స్ ఊరికే వస్తుంది, పాత మిషన్ మీదా నడుస్తుంది. అన్నీ చేసుకోవచ్చు. నెలనెలా డబ్బు కట్టి సినిమా చూద్దామంటే మాత్రం బొమ్మ మసగ్గా వస్తుంది, లేదా అసలు పడదు. "మీ లినక్స్‌కి ఆ శక్తి లేదప్పా" అంటారు తెలిసినవాళ్ళు. శక్తి సంగతి కాదని నా వాదన. సినిమాను ఎవరికి, ఎక్కడ, ఏ పెట్టెలో చూడనివ్వాలి అన్న పాత బేరంలో ఇదొక కొత్త అధ్యాయం.

రీలు పెట్టె నుంచి కీ దాకా

35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండున్నర గంటల సినిమా అంటే పదమూడు వేల అయిదు వందల అడుగులు. ఆ రీళ్ళు రేకు పెట్టెల్లో బస్సెక్కి, రైలెక్కి వచ్చేవి. ప్రింటు ఖరీదైనది కాబట్టి ఉన్నవి తక్కువ. ముందు ఎ సెంటర్లు, తర్వాత బి, ఆ తర్వాత సి. ఊళ్ళో డేరా టాకీసు దాకా వచ్చేసరికి ప్రింటు నిండా గీతలు, మధ్యలో ఒక పాట మాయం. శెనక్కాయ పంట చేతికొచ్చిన ఏడు ఆలస్యమైనా హాలు నిండేది. కరువు ఏడు సినిమా వచ్చినా చూసే డబ్బు ఉండేది కాదు.

ఆ ఏర్పాటులో అన్యాయం లేకపోలేదు, కానీ ఒక గుణం ఉంది. కట్టడి అంతా పెట్టె మీదే ఉండేది, ప్రొజెక్టర్ మీద కాదు. 35 ఎం.ఎం. అనేది ప్రపంచమంతటికీ ఒకే కొలత. ఏ కంపెనీ ప్రొజెక్టరైనా, ఎన్నో చేయి మారినదైనా, రీలు ఎక్కిస్తే బొమ్మ పడేది. ఒకే ప్రింటును రెండు హాళ్ళు పంచుకుని, ఇక్కడ అయిపోయిన రీలును సైకిల్ మీద అక్కడికి పంపిన రోజులున్నాయి. వ్యాపారి టికెట్లు లెక్కపెట్టడానికి మనిషిని కూర్చోబెట్టేవాడు. మిషన్ని మాత్రం అనుమానించేవాడు కాదు.

2005 తర్వాత ఇది మారడం మొదలైంది. హాలీవుడ్ స్టూడియోలు కలిసి డిజిటల్ సినిమాకు నియమాలు రాసుకున్నది ఆ ఏడాది జులైలో. ఇక్కడ యూఎఫ్ఓ, క్యూబ్ వంటివి హాళ్ళలోకి వచ్చాయి. సినిమా ఇప్పుడు తాళం వేసిన ఫైలు. అది ముందే హాలుకు చేరుతుంది. తెరవడానికి కీ విడిగా వస్తుంది: ఫలానా హాల్లోని ఫలానా మిషన్ మీద, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు. బాకీల లెక్క తేలక కీ ఆగిపోయి, అభిమానులు తెల్లవారుజాము నుంచీ హాలు బయట పడిగాపులు పడిన వార్తలు మనకు కొత్తవి కావు. పాతకాలంలో "పెట్టె రాలేదు" అనేవాళ్ళు. ఇప్పుడు పెట్టె లోపలే ఉంటుంది, "కీ రాలేదు" అంటారు. ఈ రెండు మాటల మధ్య పెద్ద మార్పే ఉంది. మొదటిదాంట్లో వస్తువు నీ దగ్గర లేదు. రెండోదాంట్లో వస్తువు నీ దగ్గరే ఉంది, దాన్ని తెరిచే హక్కు లేదు.

డిస్కులో తాళం

ఇంట్లో ఇదే మార్పు ఇంకా ముందే వచ్చింది. వీసీడీకి తాళం లేదు. 1993లో పుట్టిన ఆ ఫార్మాట్ ఏ మిషన్లో పెట్టినా ఆడేది, లినక్స్‌లో కూడా. తర్వాత వచ్చిన డీవీడీకి రెండు తాళాలు వేశారు. ఒకటి ప్రాంతానిది: ప్రపంచాన్ని ముక్కలు చేసి అంకెలిచ్చారు, మనది 5. సీడెడ్ అన్న మాటకు ఇదొక అంతర్జాతీయ రూపం. రెండోది సీఎస్ఎస్ అనే సంకేత లిపి. దాన్ని విప్పే కీలు, లైసెన్సు తీసుకుని రహస్యం పాటిస్తామని ఒప్పుకున్న కంపెనీలకే ఇచ్చేవారు. లినక్స్ తయారీ పద్ధతేమో ప్రోగ్రామ్ మొత్తం అందరికీ కనబడేలా రాయడం. దాచిపెట్టాల్సిన కీని అందరూ చదివే ప్రోగ్రామ్‌లో ఎలా పెడతారు? అలా, డబ్బిచ్చి కొన్న డీవీడీ లినక్స్‌లో ఆడలేదు.

1999 అక్టోబరులో డీసీఎస్ఎస్ అనే చిన్న ప్రోగ్రామ్ బయటికి వచ్చి ఆ తాళం విప్పింది. దాని వెనక ఉన్నవాళ్ళలో ఒకడు యోన్ లెక్ యోహాన్సన్, నార్వే కుర్రాడు, అప్పటికి పదిహేనేళ్ళు. లినక్స్‌లో డీవీడీ చూడటానికే ఇది అన్నాడు. కేసు పెట్టారు. 2003 జనవరిలో ఓస్లో కోర్టు, అదే ఏడాది డిసెంబరులో పై కోర్టు అతను నిర్దోషి అన్నాయి. తను కొనుక్కున్న సినిమాను తను చూసుకోవడం నేరం కాదన్నది అక్కడ తేలిన విషయం. అమెరికాలో మాత్రం 2000 ఆగస్టులో న్యాయమూర్తి లూయిస్ కప్లాన్, ఆ ప్రోగ్రామ్‌ను ప్రచురించిన '2600' అనే పత్రికకు వ్యతిరేకంగా తీర్పిచ్చాడు. దానికి నిరసనగా జనం ఆ ప్రోగ్రామ్‌ను టీషర్టుల మీద అచ్చేసుకున్నారు. సేత్ షోన్ అనే ప్రోగ్రామర్ దాన్ని వందల చరణాల హైకూలుగా రాశాడు. ప్రోగ్రామ్‌ను నిషేధించగలరు, పద్యాన్ని నిషేధిస్తారా అన్నది అతని చిక్కుప్రశ్న.

మన దేశంలో ఇలాంటి తాళాలకు చట్టం తోడొచ్చింది 2012లో. కాపీరైట్ చట్టానికి చేర్చిన 65ఏ సెక్షన్ ప్రకారం, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం విప్పితే రెండేళ్ళ దాకా జైలు. అయితే చట్టం నిషేధించని పనికోసం విప్పితే వర్తించదని అందులోనే ఒక వెసులుబాటు ఉంది. అమెరికా చట్టంకన్నా ఇది మెరుగు. కానీ వెసులుబాటు కాగితం మీద ఉంటే సరిపోదు, విప్పడానికి వీలున్న తాళం కూడా ఉండాలి. ఆ తర్వాత వచ్చిన తాళాలు ఆ వీలు లేకుండా చేశాయి.

అక్షరానికి తెరిచిన తలుపు

లినక్స్ వాడేవాళ్ళు అసలు ఎంతమంది, వాళ్ళ కోసం కంపెనీలు ఎందుకు ఖర్చు పెట్టాలి అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. డెస్క్‌టాప్ మీద లినక్స్ ఎప్పుడూ మైనారిటీయే.

కానీ ఒకటి గుర్తు చేసుకోవాలి. తెలుగు కూడా కంప్యూటర్ కంపెనీలకు చాలాకాలం లెక్కలోకి రాని మైనారిటీయే. ఒత్తులు విడిపోయి, గుణింతాలు అక్షరానికి అటో ఇటో పడే తెలుగును తెరమీద చూసినవాళ్ళకు ఆ రోజులు తెలుసు. లినక్స్‌లో ఆ సంగతి ఎవరి అనుమతికోసమూ ఆగలేదు. రెడ్ హ్యాట్ లోహిత్ ఫాంట్లను అందరికీ వదిలింది. దేశికాచారిగారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా పంచారు. హైదరాబాదులో 'స్వేచ్ఛ' వాళ్ళు, అందులో చాలామంది ఇంజనీరింగ్ విద్యార్థులు, ఏకంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమే తయారుచేశారు. మెనూల్లో మాటల్ని ఎవరెవరో రాత్రుళ్ళు కూర్చుని తెలుగు చేశారు. లోపల ఏముందో కనబడుతుంది కాబట్టి చెడినది బాగుచేయగలిగారు.

వీడియోకు ఈ దారి మూసేశారు. తెలుగు అక్షరం సరిగా పడకపోతే మనవాళ్ళే సరిచేశారు. తెలుగు సినిమా సరిగా పడకపోతే సరిచేసే చేతులున్నాయి, సరిచేయనిచ్చే ఏర్పాటే లేదు. నాకు బాధ కలిగించేది ఈ తేడా, ఒక సినిమా చూడలేకపోవడం కాదు.

వెబ్ లోపలికి వచ్చిన తాళం

నెట్‌ఫ్లిక్స్ అమెరికాలో 2007 జనవరిలో నెట్ ద్వారా సినిమాలు చూపడం మొదలుపెట్టింది. కొద్దికాలానికే మైక్రోసాఫ్ట్ వారి సిల్వర్‌లైట్‌కి మారింది. సిల్వర్‌లైట్‌కి లినక్స్ రూపం లేదు. మిగెల్ దె ఇకాజా బృందం మూన్‌లైట్ పేరుతో ఒకటి తయారుచేసింది గానీ అందులో తాళం విప్పే భాగం లేదు. అంటే అన్ని బొమ్మలూ పడతాయి, డబ్బు కట్టిన బొమ్మ తప్ప. 2013లో పైప్‌లైట్ అనే ఉపాయం వచ్చింది: విండోస్ సిల్వర్‌లైట్‌నే లినక్స్ లోపల దొంగవేషంలో కూర్చోబెట్టడం. అమెరికాలో మనవాళ్ళు ఎందరో పగలంతా ఆఫీసులో లినక్స్ సర్వర్లు నడిపేవాళ్ళే. సాయంత్రం ఇంట్లో సినిమాకు మాత్రం విండోసో మ్యాకో తెరవాల్సి వచ్చేది. నెట్‌ఫ్లిక్స్ వెనక పనిచేసే సర్వర్లలో ఎన్నో నడిచేదీ లినక్స్ మీదే. వంట చేసిన మనిషికే పంక్తిలో చోటు లేకపోవడం అంటే ఇదే.

2014 అక్టోబరులో క్రోమ్ బ్రౌజర్ ద్వారా లినక్స్‌కు దారి తెరుచుకుంది. కారణం ఈఎంఈ అనే కొత్త ఏర్పాటు. బ్రౌజర్లోనే ఒక చిన్న మూసిన పెట్టె ఉంటుంది. సినిమా సర్వర్ ఆ పెట్టెకు కీ ఇస్తుంది. లోపల ఏం జరుగుతుందో బ్రౌజర్ రాసినవాళ్ళకు కూడా పూర్తిగా తెలియదు. అందరూ చదవగల వెబ్‌లో ఎవరూ చదవకూడని గది ఇది. ఫైర్‌ఫాక్స్ వాళ్ళు అయిష్టంగానే ఒప్పుకున్నారు. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీలో సంవత్సరాల తరబడి కొట్లాట జరిగింది. చివరి ఓటింగులో అనుకూలం 108, వ్యతిరేకం 57, తటస్థం 20. 2017 సెప్టెంబరు 18న అది అధికారిక ప్రమాణమైంది. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అదే రోజు ఆ సంస్థకు రాజీనామా చేసింది.

ఆ మూసిన పెట్టెల్లో ఎక్కువగా కనబడేది వైడ్‌వైన్. గూగుల్ 2010 డిసెంబరులో కొన్న కంపెనీ అది. దాంట్లో మూడు మెట్లున్నాయి. ఎల్1 అంటే తాళం విప్పడం, బొమ్మ తయారవడం అన్నీ చిప్ లోపలి రహస్యపు గదిలోనే జరుగుతాయి, మిషన్ యజమాని కూడా తొంగిచూడలేడు. ఎల్3 అంటే అంతా మామూలు సాఫ్ట్‌వేర్లో. లినక్స్ డెస్క్‌టాప్‌కు దక్కేది ఎల్3. ఈ మెట్టును బట్టే బొమ్మ నాణ్యత నిర్ణయిస్తారు. నెట్‌ఫ్లిక్స్ లినక్స్‌కు ఏళ్ళ తరబడి 720 గీతల దగ్గరే ఆగింది, 4కే సంగతి సరేసరి. కొన్ని సేవలు అంతకన్నా తక్కువతో సరిపెడతాయి.

మరి ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది ఏమిటి? లినక్స్ కెర్నలే. క్రోమ్‌బుక్‌లో ఉన్నదీ అదే. టీవీ కింద పెట్టుకునే సెట్‌టాప్ బాక్సుల్లో చాలావాటి లోపలా అదే. వాటిలో ఎల్1 ఉంటుంది, బొమ్మ నిగనిగలాడుతూ పడుతుంది. అంటే లినక్స్‌కు చేతకాదన్న మాట అబద్ధం. యజమాని లోపలికి వెళ్ళలేని లినక్స్‌కు అన్నీ ఇస్తున్నారు, యజమాని లోపలికి వెళ్ళగల లినక్స్‌కు కోత పెడుతున్నారు. 2019 నవంబరులో డిస్నీ ప్లస్ మొదలైనప్పుడు లినక్స్‌లో అసలు పనిచేయలేదు, 83 అనే ఎర్రర్ నంబరు వచ్చేది. తర్వాత కంపెనీ తన వైపు భద్రత అమరికను సడలించగానే పనిచేసింది. లినక్స్ వాడేవాళ్ళ మిషన్లలో అందుకోసం మారిందేమీ లేదు. అడ్డం ఎక్కడుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

నారప్ప వచ్చిన దారి

నెట్‌ఫ్లిక్స్ భారతదేశానికి వచ్చింది 2016 జనవరిలో. ఆ మార్చిలోనే గూగుల్, 32 బిట్ లినక్స్ మిషన్లకు క్రోమ్ ఇవ్వడం మానేసింది. పాత సెకండ్ హ్యాండ్ మిషన్లు చాలా ఆ తరగతివే. ఒక తలుపు తెరుచుకుంటుండగానే ఇంకొకటి మూసుకుంది. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ వచ్చింది, నెలకు 149 రూపాయలకు నెట్టూ, టీవీ, ఫోనూ. కరెంటు స్తంభాల మీదుగా వైరు పల్లెలకు చేరింది. 2019 జులైలో నెట్‌ఫ్లిక్స్ ఫోన్లకు, టాబ్లెట్లకు మాత్రమే పనికొచ్చే 199 రూపాయల పథకం పెట్టింది. సినిమా అంటే ఇక ఫోనే అన్నది ఖాయమైపోయింది.

2020లో హాళ్ళు మూతపడ్డాక తెలుగు సినిమాలు నేరుగా ఓటీటీకి రావడం మొదలైంది. 2021 జులై 20న 'నారప్ప' అమెజాన్ ప్రైమ్‌లో విడుదలైంది. పూమణి తమిళ నవల 'వెక్కై' నుంచి వెట్రిమారన్ 'అసురన్' తీశాడు, దాని తెలుగు రూపం ఇది. తెలుగులో కథ నడిచేది అనంతపురం జిల్లాలో. భూమి, కులం, కక్ష, ఈ జిల్లా యాస. సీడెడ్ నేల మీది కథ సీడెడ్ హాళ్ళలో ఆడకుండా, ముందుగా ఒక అమెరికన్ కంపెనీ సర్వర్ నుంచి ఇక్కడికి దిగింది. హాలు సరిహద్దు చెరిగిపోయింది. దాని చోటులో కొత్త సరిహద్దు గీశారు: నీ చేతిలో ఉన్న పెట్టె ఎవరి మాట వింటుంది అన్నది.

పైరసీ భయం నిజం కాదని నేననను. సినిమా విడుదలైన పూటే దొంగ కాపీ వచ్చేస్తుంది. నిర్మాత కడుపుమంట అర్థమవుతుంది. కానీ 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' సగం సినిమా విడుదలకు ముందే బయటికి వచ్చినప్పుడు, పోలీసుల దర్యాప్తు చేరింది నిర్మాణ బృందంలోని మనిషి దగ్గరికే. ఓటీటీలోకి వచ్చిన సినిమాలు కొన్ని గంటల్లోనే పూర్తి నాణ్యతతో పైరసీ సైట్లలో ఉంటున్నాయి. వాటి పేర్లు చెప్పక్కర్లేదు, మీకూ తెలుసు. ఆ దొంగ కాపీ లినక్స్ మీద అద్దంలా ఆడుతుంది. నెలనెలా చందా కట్టినవాడికి మసక బొమ్మ, కట్టనివాడికి స్పష్టమైన బొమ్మ. ఈ తాళం ఆపుతున్నది ఎవరిని?

మన జిల్లా తాడిపత్రిలో 1912లో పుట్టిన కె.వి. రెడ్డి 1957లో 'మాయాబజార్'లో ఒక పెట్టె చూపించారు, ప్రియదర్శిని. మూత తెరిస్తే ఎవరికి ఇష్టమైనది వాళ్ళకు కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనబడ్డాడు. ఇవాళ దాన్ని లాప్‌టాప్‌తో పోల్చి నవ్వుకుంటాం. కానీ ఆ పెట్టె చూసేవాళ్ళ మనసు చదివింది, ఇప్పటి పెట్టెలు చూసేవాళ్ళ నమ్మకస్తతను కొలుస్తున్నాయి.

తాళం ముందు పోతే

సినిమా కన్నా తాళం ముందు చచ్చిపోతుంది. సిల్వర్‌లైట్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2021 అక్టోబరు 12తో ఆగిపోయింది. అదే కంపెనీ 2019లో తన ఈబుక్ దుకాణం మూసేసినప్పుడు, జనం కొనుక్కున్న పుస్తకాలు వాళ్ళ దగ్గర నుంచి మాయమయ్యాయి. డబ్బు వెనక్కిచ్చారు, పుస్తకాలు ఇవ్వలేదు. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది, ఇవాళ దాని ప్రింటు లేదు. అది నిర్లక్ష్యంతో పోయింది. ఎక్కడో ఒక పాత హాలు అటక మీద ఒక్క పెట్టె మిగిలి ఉంటే ఇవాళ కూడా ఏ ప్రొజెక్టర్ మీదైనా ఆడేది. నేరుగా ఓటీటీకి వెళ్ళిన సినిమాకు ఆ అటక కూడా లేదు. ప్రేక్షకుడి ఇంట్లో డిస్కు లేదు, హాల్లో రీలు లేదు. ఎవరి మిషన్లోనైనా దాగి ఉన్నా, కీ ఇచ్చే సర్వర్ లేకపోతే అది అంకెల కుప్పే.

1954లో వచ్చిన చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం కాపీ కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు కన్నెమరా వంటి మరికొన్ని గ్రంథాలయాలకూ ఇవ్వాలి. 1956లో పత్రికల్ని కూడా అందులో చేర్చారు. సినిమాను చేర్చలేదు. ఓటీటీలో విడుదలయ్యే ప్రతి తెలుగు సినిమాకూ తాళం లేని కాపీ ఒకటి పుణె ఫిల్మ్ ఆర్కైవ్‌కు చేరాలని అడగడం పెద్ద కోరికేం కాదు. నా టేబుల్ మీద లినక్స్‌కు ఇవాళ బొమ్మ మసగ్గా పడితే నేను ఫోన్లో చూసుకుంటాను. యాభై ఏళ్ళ తర్వాత 'నారప్ప' గురించి రాయాలనుకునే మనిషికి ఆ ఫోన్ ఉండదు. అప్పటికి కీ ఇవ్వడానికి కంపెనీ కూడా ఉంటుందన్న హామీ లేదు.